దొరసాని బరువు

జూన్ 3, సోమవారం

ఈ నోటుబుక్కు దొరసాని బరువు రాసుకోవడానికి మొదలుపెడుతున్నాను. నా గురించి రాసుకోవడానికేమీ లేదు. నేను బాగానే ఉన్నాను.

ఈ రోజు తూకం. ఎప్పట్లాగే బల్ల దగ్గరికి రాగానే దొరసాని కూర్చుండిపోయి, బల్లకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసింది. కాలి కింద కదిలే ఇనుప పలక కనిపిస్తే అడుగు వెయ్యకుండా కూర్చోవాలని దానికి నేర్పింది నేనే. ఇక దాన్నేమనను? ఎత్తుకుని నేనే ఎక్కాను. బల్ల కిర్రుమంది. పాత బల్ల.

ఇద్దరం కలిసి నూట నాలుగు. నా బరువు అరవై ఎనిమిదని ఫిట్‌నెస్ ఫైల్లో ఉంది, దానికింద మేజర్ గారి సంతకం ఉంది, కాబట్టి నన్ను విడిగా తూచే పని లేదు. నూట నాలుగులోంచి అరవై ఎనిమిది పోతే దొరసాని ముప్పయ్యారు. కాంపౌండర్ కాగితం మీద ఒకసారి, వేళ్ళ మీద ఒకసారి తీసివేత చేశాడు.

"అన్నా, మందుపాతరలు పట్టే కుక్క ముప్పై దాటకూడదు. ఇది ఆరు ఎక్కువ. కుక్కా, దూడా ఇది?"

"నోటికొచ్చినట్టు వాగకు. దాని సర్వీసు నీకంటే రెండేళ్ళు ఎక్కువ" అన్నాను.

సాయంత్రం మేజర్ గారు పిలిపించారు. జూలై పదిహేను లోపల ముప్పైకి రాకపోతే దొరసానిని డ్యూటీలోంచి తీసేసి, ఎవరైనా అడిగితే వాళ్ళింటికి పంపేస్తారట. నేనే అడుగుతాను సార్ అనబోయి ఆగాను. మా ఆవిడ ఉంటున్న వాటాలో ఇంటాయన చిలకని కూడా ఉంచనివ్వడు.

అయిదేళ్ళుగా అది ముందు, నేను వెనక. అది కూర్చున్న చోట నేను ఆగకపోయి ఉంటే ఈపాటికి నా కాళ్ళు చెరో ఊళ్ళో ఉండేవి. అలాంటిదాన్ని ఎవరికో ఇచ్చేస్తారట. ఇవ్వనివ్వను. రేపటి నుంచి డైటు.

జూన్ 4

అగ్గిపుల్ల దగ్గర వ్యాయామం కరపత్రం తీసుకున్నాను. అగ్గిపుల్ల అంటే రెండో కుక్కను చూసుకునేవాడు. ఒంట్లో ఎముకలూ కండలూ తప్ప ఇంకేం లేవు, మాట్లాడితే దండీలు తీస్తాడు. కరపత్రం పైన పెద్ద అక్షరాలతో "నీ శత్రువు నీ నోరే" అని ఉంది. దొరసాని గదిలో దానికి కనిపించేలా అతికించాను. చదివి వినిపించాను కూడా.

నాలుగు గుడ్లలో రెండు కట్. మాంసం సగం. అన్నం సగం. మిగిలిన సగం పారేస్తే పాపం. వెనక్కిస్తే వంటాయన వచ్చే నెల రేషన్లో కోసేస్తాడు, తర్వాత మళ్ళీ పెంచమంటే వాడి గడ్డం పట్టుకోవాలి. అందుకని ఆ సగం సంగతి నేనే చూశాను. ఉప్పు లేదు. చప్పగా ఉంది.

జూన్ 5

ఉప్పు తెచ్చుకున్నాను. మిరియాల పొడి కూడా.

జూన్ 7

వ్యాయామం మొదలైంది. నేను స్టూలు మీద కూర్చుని బంతి విసురుతాను, అది తెస్తుంది. యాభైసార్లు. దానికంటే నాకే ఎక్కువ చెమట పట్టింది, చెయ్యి కూడా లాగేస్తోంది. కష్టే ఫలి అని దానికి చెప్పాను. అలిసిపోయానని మెస్సులో రెండోసారి వడ్డించుకున్నాను. మామూలు భోజనం మామూలే కదా, దొరసాని సగం విడి లెక్క.

జూన్ 10, తూకం

నూట నాలుగు.

కాంపౌండర్ బల్లని తన్ని చూశాడు. నేనూ ఒక తన్ను తన్నాను. నూట నాలుగే. అంటే దొరసాని ముప్పయ్యారే. వారమంతా సగం తిండి తిని, నూట యాభైసార్లు బంతి తెచ్చిన కుక్క ఒక్క గ్రాము తగ్గలేదు. ఎక్కడో ఏదో జరుగుతోంది.

ఎవరో దొంగచాటుగా పెడుతున్నారు. నా చేత్తో పెడితే తప్ప అది ముట్టదు, చిన్నప్పుడే అలా నేర్పాను. అయినా ఎవరో పెడుతున్నారు. రెండు సంగతులూ రిపోర్టు రాసి ఆఫీసులో ఇచ్చాను.

జూన్ 12

వంటాయన మీద నిఘా పెట్టాను. పొద్దుట గంటన్నర వంటింట్లోనే కూర్చున్నాను. అనుమానం రాకుండా ఉండాలి కాబట్టి ఏది పెడితే అది తిన్నాను.

"ఏం కావాలి నీకు? సూటిగా చెప్పు" అన్నాడు చివరికి.

"దొరసానికి ఏమైనా పెడుతున్నావా?"

"దానికి నేను మొన్న ఎముక చూపిస్తే మొహం తిప్పేసుకుంది. నీ కుక్కకి పొగరు. ఇదిగో, ఆ ఎముక కూడా నువ్వే తింటావా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వాడి మాట. ఎముకలో మూలుగ బాగుంది.

జూన్ 13

లాండ్రీవాడు ప్యాంటు కుదించేశాడు. వేడినీళ్ళలో నానబెట్టి ఉంటాడు. కొక్కెం ఊడి పెరేడ్‌లో ముందు నిలబడ్డవాడి మెడకి తగిలింది. లాండ్రీవాణ్ణి అడిగితే, "నాలుగు జతలూ ఒకేసారి ఎందుకు కుదిస్తాను సార్, నాకేం పనిలేదా?" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు.

జూన్ 14

దొరసానికి ఒక్క గుడ్డు చేశాను. మూడు మిగిలాయి.

జూన్ 17, తూకం

నూట నాలుగు. నూట నాలుగు. నూట నాలుగు. మూడుసార్లు ఎక్కాను.

మేజర్ గారి అమ్మగారే అయి ఉంటుంది. పొద్దున్నే తోటలో కుర్చీ వేసుకుని ఊలు అల్లుతూ ఉంటారు, పక్కన బిస్కెట్ల డబ్బా. మధ్యాహ్నం మొక్కల వెనక వంగుని కూర్చున్నాను. దొరసానిని తోటలో వదిలాను. అమ్మగారు బిస్కెట్టు విసిరారు. నా అనుమానం నిజమైంది.

దొరసాని వాసన చూసి, పక్కకు తప్పుకుని వెళ్ళిపోయింది. అంటే నేనున్నట్టు పసిగట్టి నాటకమాడిందన్నమాట. ఆ బిస్కెట్టు సాక్ష్యంగా జేబులో వేసుకుని వచ్చాను.

సాయంత్రానికి సాక్ష్యం లేదు.

జూన్ 20

మా ఆవిడకి ఫోన్ చేశాను.

"ఏమండీ, ఆయాసపడుతున్నారేం?"

"మెట్లెక్కి వచ్చాను."

"ఎన్ని మెట్లు?"

"నాలుగు."

"మీరు సరిగ్గా తింటున్నారా?" అని అడిగింది. దొరసాని దిగులుతో ముద్ద దిగడం లేదని చెప్పాను. దిగులు నిజమే.

జూన్ 22

అగ్గిపుల్ల వచ్చి దొరసాని పక్కటెముకల మీద చెయ్యి వేసి చూశాడు.

"గురూ, దీనికి ఎముకలు తేలుతున్నాయి. లెక్కపెట్టొచ్చు."

"అవి కండలు. వ్యాయామం చేస్తే వస్తాయి, నీకు తెలీదా?"

"నాకు తెలుసు కాబట్టే చెబుతున్నా. ఇవి ఎముకలు."

"అయితే ముప్పయ్యారు కిలోలు ఎక్కడున్నాయి? ఎముకల్లో ఉన్నాయా?"

వాడు నా పొట్టకేసి అదోలా చూశాడు. అసూయ.

జూన్ 24, తూకం

నూట అయిదు.

పెరిగింది. ముప్పయ్యేడు. కాంపౌండర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "అన్నా, గాలి పీల్చినా లావయ్యే మనుషులుంటారంటారు. కుక్కలు కూడా ఉంటాయేమో" అన్నాడు. ఇంక మూడు వారాలే ఉంది. దొరసాని నా చెయ్యి నాకుతూ కూర్చుంది, నా వేళ్ళకి మిరియాల పొడి అంటి ఉందనుకుంటా, తుమ్మింది.

జూన్ 26

స్టూలు విరిగింది. ఇవాళా రేపూ వస్తువుల్లో నాణ్యత లేదు.

జూన్ 28

బంతి విసిరితే దొరసాని లేవలేదు. బంతికేసి చూసింది, ఖాళీ గిన్నెకేసి చూసింది, నాకేసి చూసింది. సోమరితనం ఎక్కువైందని తిట్టాను. తిట్టాక దాని వాటాలో నేను తినాల్సింది తినబుద్ధి కాలేదు.

చల్లారాక తిన్నాను.

జూన్ 30

పశువుల డాక్టరమ్మ కొత్తగా వచ్చారట. కెప్టెన్. రేపు తూకానికి వస్తారు. దొరసానికి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పరువు నిలబెట్టమన్నాను. పడుకునే వింది.

జూలై 1

రాయాలని లేదు. రాయకపోతే రేపు ఇంకోలా చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. రాస్తాను.

డాక్టరమ్మ రిజిస్టరు చూసి, దొరసానిని చూసి, మళ్ళీ రిజిస్టరు చూశారు.

"ఇది ముప్పయ్యేడు కిలోలా?"

"అవును మేడమ్" అన్నాడు కాంపౌండర్. "నాలుగు వారాలుగా మా రికార్డు ఇంచుమించు ఒకే మాట మీద ఉంది."

"దాన్నొక్కదాన్నే బల్ల ఎక్కించండి."

ఎక్కదని ఇద్దరం మొత్తుకున్నాం. వినలేదు. దొరసాని బల్ల దాకా వెళ్ళి కూర్చుంది. నేను ఎత్తుకోబోతే డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టారు. మేం ఎప్పుడూ చేసేది ఎత్తుకోవడమే కాబట్టి ఎత్తుకోకపోతే ఏమవుతుందో ఎవరం ఆలోచించలేదు. కుక్క కూర్చుని పది లెక్కపెట్టేంతసేపు కదలకపోతే ఆ భవనం మొత్తం ఖాళీ చెయ్యాలని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. కాంపౌండర్ గోడ చూశాడు, కుక్కని చూశాడు, పది లెక్కపెట్టాడు, గంట కొట్టేశాడు.

మా దగ్గర మనుషులకీ కుక్కలకీ ఒకటే ఆస్పత్రి. ఆ పక్క గదిలో సూది వేయించుకోవడానికి సిద్ధంగా ఉన్న మేజర్ గారు ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని బయటికి వచ్చారు. జ్వరాలవాళ్ళు, కట్లవాళ్ళు, ఊడ్చేవాళ్ళు అందరం మైదానంలో ఎండలో నిలబడ్డాం. రూలు ప్రకారం రెండో కుక్క వచ్చి చూడాలి. అగ్గిపుల్ల తన కుక్కని తెచ్చాడు. దానికీ అదే చదువు కదా, అదీ లోపలికి వెళ్ళి దొరసాని పక్కన బుద్ధిగా కూర్చుంది. రెండు కుక్కలూ ఒకే మాట మీద ఉన్నాయి కాబట్టి ప్రభుత్వం లెక్కలో తూకం బల్ల బాంబయింది.

"ఇప్పుడెవరు లోపలికి వెళ్తారు?" అన్నారు మేజర్ గారు, ప్యాంటు సర్దుకుంటూ.

డాక్టరమ్మ ఎవరినీ అడక్కుండా లోపలికి వెళ్ళారు. కిర్రుమని వినబడింది. గుమ్మంలోకి వచ్చి, "యాభై తొమ్మిది. పేలలేదు. అందరూ రండి" అన్నారు.

తర్వాత నాకేసి తిరిగారు. "ఇప్పుడు నువ్వెక్కు."

"నా బరువు ఫైల్లో ఉంది మేడమ్."

"ఫైలుని ఎక్కమనలేదు. నిన్ను ఎక్కమన్నాను."

ఎక్కాను. కళ్ళు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తోంది. తెలియనివాడు కళ్ళు మూసుకోడు.

ఎనభై రెండు.

దొరసానిని ఎత్తుకుని మళ్ళీ ఎక్కమన్నారు. నూట అయిదు.

"తీసివెయ్యి" అన్నారు కాంపౌండర్‌తో.

వాడు కాగితం తియ్యలేదు. వేళ్ళు తియ్యలేదు. "ఇరవై మూడు" అన్నాడు మెల్లిగా. తర్వాత, "అయితే ఫైలు తప్పంటారా మేడమ్?" అని అడిగాడు. వాడి మొహం చూస్తే ఎవరో పోయినట్టే ఉంది.

"ఆ ఫైలు మీద నా సంతకం ఉంది" అన్నారు మేజర్ గారు. ఏటేటా పాత అంకెనే దించి సంతకానికి పెడుతున్నారని ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది.

"సంతకానికి బరువుండదు సార్" అన్నారు డాక్టరమ్మ. నా దగ్గరికి వచ్చారు. "ఈ కుక్క ఇరవై ఎనిమిది ఉండాలి. అంతే ఉండేది కూడా, నాకు అర్థమవుతోంది. దీని తిండి ఎంత తగ్గించావు?"

చెప్పాను.

"తగ్గించింది ఏమైంది?"

బెల్టు పొట్ట మీదికి లాక్కున్నాను.

"ఎవరో పెడుతున్నారని రిపోర్టు రాశావు. నీ చేత్తో తప్ప తినదని కూడా నువ్వే రాశావు. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. చదువుకున్నావా?"

దొరసాని నా బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. అప్పుడు ఏడ్చాను. ఎంతమంది చూశారో తెలియదు. అందరూ అక్కడే ఉన్నారు.

మేజర్ గారు దొరసానిని అగ్గిపుల్లకి ఇచ్చెయ్యమన్నారు, అక్కడికక్కడే. డాక్టరమ్మ ఒక అవకాశం అడిగారు. రూలు ప్రకారం కుక్కతోబాటు మూడు కిలోమీటర్లు పదిహేను నిమిషాల్లో పరుగెత్తగలిగినవాడే దాన్ని నడిపించాలి. జూలై ఇరవై తొమ్మిదిన నాకు పరీక్ష. నెగ్గితే దొరసాని నాది. లేకపోతే అగ్గిపుల్లది.

జూలై 2

దానికి నాలుగు గుడ్లు పెట్టాను. తినేముందు నాకేసి చూసింది, ఇందులో నీ వాటా ఏదీ అన్నట్టు. ఆకలితో మాడ్చాను దాన్ని. నేనే మాడ్చాను.

జూలై 3

మా ఆవిడకి అంతా చెప్పాను. చాలాసేపు నవ్వింది. నవ్వీ నవ్వీ, "కంచే చేను మేసిందన్నమాట" అంది. తర్వాత నవ్వు ఆపి, "పాపం దొరసాని" అంది. నన్ను పాపం అనలేదు. అడగలేదు కూడా నేను.

జూలై 5

అగ్గిపుల్ల శిక్షణ ఇస్తానన్నాడు. "నేను ఓడిపోతే దొరసాని నీకే వస్తుంది కదరా, నీకెందుకీ శ్రమ?" అన్నాను.

"నాకు ఒక కుక్కతోనే తల ప్రాణం తోకకి వస్తోంది. రెండోది ఎవడిక్కావాలి? పరుగెత్తు" అన్నాడు.

మూడు వందల మీటర్లు పరుగెత్తాను. మిగతాది నడిచాను. నడిచినంతలో కొంత వంగుని ఉన్నాను.

కరపత్రం దొరసాని గదిలోంచి పీకి నా మంచం పైన అతికించాడు.

జూలై 8

ఇరవై ఒక్క నిమిషం. నేను డెబ్బై తొమ్మిదిన్నర, దొరసాని ఇరవై నాలుగున్నర. ఇప్పుడు నన్ను విడిగా కూడా తూస్తున్నారు. ముందు నన్ను, తర్వాత ఇద్దర్నీ. కాంపౌండర్ అంకె రాసే ముందు నా మొహంకేసి చూసి, "కళ్ళు తెరువన్నా" అంటున్నాడు.

జూలై 11

మెస్సులో రెండోసారి వడ్డించుకోలేదు. వంటాయన బయటికి వచ్చి, "కూర బాగాలేదా?" అని అడిగాడు. నొచ్చుకున్నట్టున్నాడు. బాగుందని చెప్పడానికి ఇంకొంచెం తినాల్సొచ్చింది.

కొంచెమే.

జూలై 12

నిన్న రాసిన కొంచెం, రెండు గరిటెలు.

జూలై 15

పద్దెనిమిదిన్నర నిమిషాలు. దొరసాని ముందు పరుగెడుతోంది. గొలుసు బిగిసినప్పుడల్లా ఆగి వెనక్కి చూస్తుంది. తిట్టినా బాగుండేది.

జూలై 22

పదహారు ఇరవై. దొరసాని ఇరవై ఏడు. పక్కటెముకలు మూతబడ్డాయి. ఇవాళ బంతి నోట కరుచుకుని వచ్చి నా ఒళ్ళో పడేసింది. యాభైసార్లు విసిరాను, నిలబడి.

జూలై 29

పొద్దున ఏడింటికి పరీక్ష. మైదానం చుట్టూ ఏడున్నర చుట్లు. డాక్టరమ్మ గీత దగ్గర నిలబడ్డారు, కాంపౌండర్ చేతిలో గడియారం. అగ్గిపుల్ల తన కుక్కని పట్టుకుని పక్కన.

నాలుగు చుట్ల దాకా మేం బాగానే ఉన్నాం. అయిదో చుట్టులో డొక్కలో పొడిచింది. ఆరో చుట్టులో నాకు వినబడేది నా ఊపిరి ఒక్కటే. ఏడో చుట్టులో దొరసాని గొలుసు లాగింది, దానంతటది, ఎప్పుడూ లాగదు. గీత దాటి పడిపోయాను. అది వచ్చి నా చెవి నాకింది. చాలా చక్కిలిగింత, నవ్వడానికి ఊపిరి లేదు.

కాంపౌండర్ నన్ను లేపడానికన్నట్టు వంగి, గడియారం నాకొక్కడికే చూపించాడు. పదిహేను నిమిషాల ఆరు సెకన్లు.

"అన్నా" అన్నాడు గుసగుసగా. "పద్నాలుగు యాభై ఎనిమిది రాసేస్తా. డాక్టరమ్మ అటు చూస్తున్నారు. ఆరు సెకన్లు ఎవడు అడుగుతాడు? సంతకం పడిందంటే అదే నిజం."

రాసెయ్ అని నోటిదాకా వచ్చింది. దొరసాని నా పక్కన వగరుస్తూ నిలబడి ఉంది. ఎదురుగా అగ్గిపుల్ల. వాడి చేతికి ఇచ్చెయ్యాలి. ఆరు సెకన్లు. ఒక తుమ్ము తుమ్మేంతసేపు.

కానీ సంతకం ఉన్న అంకె ఒకదాన్ని నమ్మబట్టే నేను దాని డొక్క మాడ్చాను. ఇంకో దొంగ అంకె రాయించుకుని దాన్ని మందుపాతర్ల మధ్యకి తీసుకెళ్ళి, అక్కడ ఆరు సెకన్లు వెనకబడితే ఎవరితో చెప్పుకోను?

"ఉన్నది రాయి" అన్నాను.

"అన్నా."

"ఉన్నది రాయరా బాబూ. గట్టిగా చదివి రాయి."

వాడు గట్టిగా చదివాడు. డాక్టరమ్మ రాసుకున్నారు. నాకేసి తిరిగి, "నెల తర్వాత మళ్ళీ పరీక్ష అడగొచ్చు" అన్నారు. "అప్పటిదాకా కుక్క అతని దగ్గర."

జూలై 30

అగ్గిపుల్ల చేత్తో తినడం దొరసానికి నేర్పాలి. నేనే నేర్పాలి, ఇంకెవరు చెప్పినా వినదు. నా చెయ్యి మీద వాడి చెయ్యి పెట్టి ఇద్దరం కలిపి గుడ్డు అందించాం. నా వేలు వాసన చూసింది, వాడి వేలు వాసన చూసింది, మా ఇద్దరి మొహాలూ చూసి, తింది. తర్వాత వాడొక్కడే అందించాడు. అదీ తింది.

తిన్నందుకు సంతోషించాలి. సంతోషించాను. గదికి వచ్చి మంచం మీద పడుకున్నాను.

జూలై 31

అగ్గిపుల్లకి రాసిచ్చిన కాగితం నకలు:

చెవి వెనక గోకాలి, ఎడమది. కుడిది గోకితే లేచిపోతుంది. ఉరిమితే మంచం కింద దూరుతుంది, బాంబులంటే భయం లేదు, ఉరుములంటే ఉంది, ఎవరితోనూ చెప్పకు. గుడ్డు పచ్చసొన ముందు తింటుంది. పాటలు పాడకు, నువ్వు పాడితే ఏ కుక్కైనా భయపడుతుంది. నాలుగు గుడ్లు. నాలుగంటే నాలుగు.

ఆగస్టు 1

పరుగెత్తాను.

ఆగస్టు 2

పరుగెత్తాను. ముందు ఎవరూ లేరు. గొలుసు పట్టుకునే చెయ్యి ఏం చెయ్యాలో తెలియక ఊగుతోంది.

ఆగస్టు 3

పరుగెత్తాను.

ఆగస్టు 6

వాన. పరుగెత్తాను. వంటాయన వంటింటి కిటికీలోంచి చుట్లు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువ లెక్కపెట్టాడు, పోట్లాడాను.

ఆగస్టు 9

దొరసాని మైదానం అవతల అగ్గిపుల్లతో వెళ్తూ నన్ను చూసింది. తోక ఊపింది. వాడు పిలవగానే వెళ్ళిపోయింది. డ్యూటీలో ఉన్న కుక్క అలాగే ఉండాలి. నేనే అలా నేర్పాను. అయినా కొంచెం పొగరే.

ఆగస్టు 14

ఉరిమింది. వాడికి ఫోన్ చేశాను. "మంచం కింద ఉంది గురూ. నేనూ కిందే ఉన్నాను. పెట్టెయ్" అన్నాడు.

మంచివాడు. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా మంచివాడు.

ఆగస్టు 19

డెబ్బై నాలుగు. లాండ్రీవాడు ప్యాంట్లన్నీ వదులు చేసేశాడని మా ఆవిడతో అన్నాను. "మళ్ళీ మొదలుపెట్టారా?" అంది.

ఆగస్టు 26, సోమవారం

ఈసారి దొరసానితో. గొలుసు అగ్గిపుల్ల తెచ్చి నా చేతికి ఇచ్చాడు. గీత దగ్గర అది నాకేసి కూడా చూడలేదు, ముందుకే చూస్తోంది. పని ఉన్నప్పుడు దానికి చుట్టాలు లేరు.

మొదటి చుట్టు నుంచే గొలుసు వదులుగా ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం దానికి రాలేదు. ఆఖరి చుట్టులో మేం పక్కపక్కనే ఉన్నాం. గీత దాటాక నేను పడిపోలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడ్డాను.

కాంపౌండర్ గడియారం ముందు డాక్టరమ్మకి చూపించాడు, తర్వాత నాకు. పద్నాలుగు నిమిషాల నలభై ఒక్క సెకను. ఎవరూ అడగకుండానే గట్టిగా, రెండుసార్లు చదివాడు.

"తీసుకెళ్ళు" అన్నారు డాక్టరమ్మ. అగ్గిపుల్ల నా వీపు మీద ఒకటి చరిచి, "ఇవాళ్టి నుంచి హాయిగా నిద్రపోతాను, అబ్బ, ఏం గురక దీనిది" అని వెళ్ళిపోయాడు. పది అడుగులు వేసి ఒకసారి వెనక్కి తిరిగి దొరసానిని చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మధ్యాహ్నం దాని గిన్నె నింపి, నేల మీద పక్కనే కూర్చున్నాను. నాలుగు గుడ్లు, మాంసం, అన్నం. పచ్చసొన ముందు తింది. నాకూ ఆకలిగానే ఉంది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అది గిన్నె అడుగు నాకి, బోర్లించి, మళ్ళీ నాకేదాకా కదలకుండా కూర్చున్నాను.

వాసన మాత్రం చూశాను. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరనుకుంటాను.